పాత మ్యూజిక్ హాల్లో 1920ల డాన్స్ బ్యాండ్ వాయించడానికి ఎంత సౌండ్ సిస్టం కావాలి?

మీ ప్రశ్న చూశాను. పదకొండుమంది బ్యాండు, అన్నీ 1925–35 మధ్య పాటలు, నవంబరులో ఒక రాత్రికి 1860ల నాటి మ్యూజిక్ హాలు దొరికింది. అద్దెకి తీసుకోబోతున్న సరంజామా పన్నెండు మైకులు, రెండు పెద్ద స్పీకర్లు, స్టేజీ మీద వాయించేవాళ్లు తమని తాము వినడానికి నాలుగు మానిటర్ స్పీకర్లు. ఇవి సరిపోతాయా లేదా అని మీ టెన్షన్.

చాలా ఎక్కువైపోయాయి. పాటగాడికి ఒక మైకు, దానికో చిన్న స్పీకరు చాలు. మిగతావి షాపులోనే ఉండనివ్వండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను పంతొమ్మిదేళ్లుగా ఇంగ్లండులో ఇలాంటి బ్యాండుల్లో ఆల్టో సాక్సఫోన్, క్లారినెట్ వాయిస్తున్నాను. పగటి ఉద్యోగం వేరే. క్లారినెట్ మొదట పట్టింది తెనాలిలో, మా పెదనాన్నగారి పెళ్లిబ్యాండులో. అక్కడ నేర్చిందేమిటంటే, వీధిలో ఎంత గట్టిగా ఊదితే అంత గొప్ప. ఇక్కడికొచ్చాక ఆ అలవాటు పోగొట్టుకోవడానికే నాకు మూడు నాలుగేళ్లు పట్టింది.

ముందు హాలు సంగతి. మ్యూజిక్ హాళ్లు పుట్టింది పబ్బుల వెనక. లండన్ ఈస్ట్ ఎండ్‌లో గ్రేసెస్ ఆలీ అనే ఇరుకు సందులో ఉన్న విల్టన్స్ మీరు చూసే ఉంటారు, చూడకపోతే ఈ నెలలోనే వెళ్లి చూడండి. జాన్ విల్టన్ అనే పబ్బు యజమాని 1859లో తెరిచాడు. ముందు పబ్బు, వెనక హాలు. పైన గుండ్రంగా వంగిన కప్పు, మూడువైపులా ఒకే బాల్కనీ, దాన్ని మోసే సన్నటి పోతయినుప స్తంభాలు మెలితిప్పిన చక్కెర కడ్డీల్లా ఉంటాయి. బాల్కనీ ముందు అలంకారమంతా కాగితపు గుజ్జుతో చేసింది. అప్పట్లో కప్పు నుంచి 300 గ్యాసు జ్వాలల దీపం వేలాడేది. జనం బల్లల చుట్టూ కూర్చుని తింటూ తాగుతూ ఉంటే, స్టేజీ మీద ఒక మనిషి ఆ గోలలోంచే పాటలో ప్రతి మాటా వినబడేలా పాడాలి. గొంతు తప్ప ఇంకో సాధనం లేదు. ఈ హాళ్ల కొలతలన్నీ ఆ ఒక్క అవసరం చుట్టూ కట్టినవి.

మన పద్యనాటకం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. మైకు రాకముందు పందిట్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా పద్యం చివరి అక్షరం దాకా అందాలి. నటుడు రాగం అందుకున్నాడంటే హార్మోనిస్టు చెయ్యి తేలిక చేసి వెనక్కి తగ్గేవాడు, ‘వన్స్ మోర్’ అరుపులు లేచాకే మళ్లీ ముందుకొచ్చేవాడు. ఆ తగ్గడం మీ బ్యాండు నేర్చుకుంటే మీ ప్రశ్నలో ముప్పావు వంతు తీరిపోతుంది.

చరిత్ర పట్ల ఒక చిన్న జాగ్రత్త. పాత హాలు, పాత పాట కలిపి ‘అప్పటి రోజులు’ అని పోస్టరు వేసేస్తుంటారు. ఆ రెండిటి మధ్య అరవై డెబ్భై ఏళ్ల తేడా ఉంది. విల్టన్స్‌నే తీసుకోండి. 1877లో కాలింది, మళ్లీ కట్టారు, 1888లో మెథడిస్టు మిషన్ చేతికెళ్లింది. 1889 రేవు కార్మికుల సమ్మెలో అక్కడ రోజుకి రెండువేల భోజనాలు పెట్టారు. 1950ల దాకా అది మిషనే. అంటే లండన్ హోటళ్లలో, రెస్టారెంట్లలో ఆంబ్రోస్, లూ స్టోన్ డాన్స్ బ్యాండులు మోగుతున్నప్పుడు, ఆ హాల్లో వినబడింది ప్రార్థనాగీతాలు, మద్యం మానమనే ప్రసంగాలు! అసలు జాజ్‌కి మ్యూజిక్ హాల్ మనుషులు మొదట్లో స్వాగతమేమీ పలకలేదు. 1919 ఏప్రిల్లో అమెరికా నుంచి వచ్చిన ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్ లండన్ హిప్పోడ్రోమ్ థియేటర్లో వాయిస్తే, ఆ షోలో ప్రధాన తార, మ్యూజిక్ హాల్ మహా హాస్యగాడు జార్జ్ రోబీ ఒప్పుకోక ఒక్క రాత్రితో దింపేశారు. తర్వాత ఆ బ్యాండువాళ్లు పలేడియం థియేటర్లో, ఆ ఏడాది చివర్లో కొత్తగా తెరిచిన హామర్‌స్మిత్ పాలే అనే డాన్సు హాల్లో వాయించారు. డాన్స్ బ్యాండులు పెద్ద వెరైటీ థియేటర్లకి దర్జాగా ఎక్కడం ఆ తర్వాతి కథ, జాక్ హిల్టన్ లాంటి బ్యాండు లీడర్లది. హోటల్లో డాన్సు ఫ్లోరు కోసం వాయించినదాన్ని యథాతథంగా తెచ్చి పెడితే స్టేజీ మీద నిలబడదని వాళ్లకి తెలుసు. ఒక హాస్యగీతం, లేచి నిలబడి ఊదే వరసలు, టోపీలు మార్చడం, అన్నీ కలిపేవాళ్లు. మీకు కూడా ప్రేక్షకులు కుర్చీల్లో కూర్చునే ఉంటారు కాబట్టి వాళ్లనే చూసి నేర్చుకోండి.

ఇక సౌండు. కొన్నేళ్ల క్రితం ఉత్తరాన ఒక పాత హాల్లో (పేరెందుకులెండి) మేమూ మీలాగే సరంజామా అంతా మోసుకెళ్లాం. సాయంత్రం మా లీడరు నన్ను బాల్కనీ ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి, డ్రమ్మర్‌ని వుడ్‌బ్లాక్ (చిన్న చెక్క దిమ్మె) మీద ఒక్క దెబ్బ కొట్టమన్నాడు. స్పీకర్లు ఆపి ఉన్నాయి. ‘టక్’ అని ఒక్క శబ్దం, ఎవరో నా మోకాలి మీద కొట్టినంత దగ్గరగా. తర్వాత స్పీకర్లు వేసి అదే దెబ్బ కొట్టించాడు. ‘టక్‌టటక్’. స్టేజీ నుంచి ఒకటి, స్పీకరు నుంచి ఒకటి, బాల్కనీ కింద గోడకి తగిలి వచ్చింది ఇంకొకటి. ఒక్క దెబ్బకే ఇలా ఉంటే బాంజో నిమిషానికి రెండొందల మీట్లు మీటుతుంటే ఏమవుతుందో ఆలోచించండి. అంత మోసుకొచ్చాం కదా అని ఆ రాత్రి వాడాం. మొదటి సగమంతా పప్పులో గరిట తిప్పినట్టుంది. రెండో సగానికి పాటగాడి మైకు ఒక్కటి ఉంచి అన్నీ కట్టేశాం. మనిషి గొంతుకి సరిపడా కట్టిన గది పదకొండు వాద్యాల్ని ఇట్టే నింపుకుంటుంది, స్పీకర్లు తోడైతే పొంగిపోతుంది.

ఇంకోటి, సౌండ్ చెక్ ఖాళీ హాల్లో చేస్తారు. ఖాళీ హాలు ఎప్పుడూ గలగలమంటుంది. నవంబరులో మూడొందల మంది ఉన్ని కోట్లతో వచ్చి కూర్చున్నాక పైస్వరాల మెరుపు చాలావరకు ఆ కోట్లు తాగేస్తాయి. సాయంత్రం కాస్త పదునుగా వినబడిందని భయపడి మార్చేయకండి.

ఇప్పుడు మనుషుల అమరిక. మీ పదకొండుమంది ఆ కాలపు స్టాక్ అరేంజ్‌మెంట్లకి, అంటే ప్రచురణకర్తలు అచ్చేసి అమ్మిన తయారు స్వరపత్రాలకి, సరిపోయే లెక్కే. మూడు సాక్సఫోన్లు, రెండు ట్రంపెట్లు, ఒక ట్రాంబోన్, వయొలిన్, పియానో, బాంజో, బేసు, డ్రమ్స్. సాక్సులు ముందు, వాళ్లు క్లారినెట్లకి మారినప్పుడు పిట్ట గొంతులా ఉంటుంది కాబట్టి వాళ్ల ముందు ఎవరూ ఉండకూడదు. ట్రంపెట్లు వెనక ఎత్తు మీద, కానీ గొట్టం నోరు నేరుగా జనం మీదకి వద్దు, మ్యూజిక్ స్టాండులోకి దించి ఊదమనండి. గొట్టం నోటికి అడ్డుపెట్టి శబ్దం తగ్గించే మ్యూట్లు పూర్తి సెట్టు తెచ్చుకోవాలి. స్ట్రెయిట్, కప్, అన్నిటికన్నా ముఖ్యం గుండ్రటి డెర్బీ టోపీ. ఫోటోల్లో ట్రంపెట్ ముందు టోపీ ఊపుతుంటే సరదాకనుకుంటారు. చేతిలో ఉన్న వాల్యూమ్ బటన్ అది. బేసుకి సూసాఫోన్ (ఒంటికి చుట్టుకునే పెద్ద ట్యూబా) అయితే దాని పెద్ద నోరు ఎటు తిరిగి ఉందో చూడండి. మా దగ్గర ఒకసారి అది నేరుగా పియానో వాయించే ఆవిడ చెవి మీదకి ఉండి, ఇంటర్వెల్లో ఆవిడ నాతో మాట్లాడితే ఒట్టు.

బాంజో గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను. ఇప్పటి గిటారు వాళ్లు దాన్ని చులకనగా చూస్తారు. 1925లో ఎలక్ట్రిక్ రికార్డింగు రాకముందు బ్యాండంతా శబ్దాన్ని పట్టే ఒక బాకా ముందు గుమిగూడి వాయించేది. గిటారు, మామూలు బేసు ఆ బాకాకి సరిగ్గా అందేవి కావు. బాంజో ‘టింగు’ అని కోసుకుపోయేది, ట్యూబా నిండుగా పడేది. వయొలిన్‌కి కూడా బాకా తగిలించిన స్ట్రో వయొలిన్ అని ఒకటుండేది. మైకులు బాగుపడ్డాక, 1930 అటూ ఇటూగా, బాంజో పోయి గిటారు, ట్యూబా పోయి డబుల్ బేస్ వచ్చాయి. కాబట్టి పాట ఏ ఏటిదో చూసి వాద్యం ఎంచుకోండి. 1926 పాటకి గిటారు పెడితే మైకు కావాలి. బాంజో పెడితే హాలే చూసుకుంటుంది.

డ్రమ్మర్‌కి ఇవాళ్టి కిట్టు వద్దు. పెద్ద బేస్ డ్రమ్ము, స్నేర్, ఒక చిన్న చైనా తాళం, వుడ్‌బ్లాకు, బ్రష్షులు. హై-హ్యాట్ (కాలితో నొక్కే జంట తాళాలు) 1920ల చివర్లో గానీ రాలేదు, దాన్ని అన్ని పాటల్లో చప్పరిస్తూ ఉంటే చెవికి వెంటనే 1940 వినబడుతుంది. చర్మపు డ్రమ్ము అయితే చలికి, తేమకి సడలిపోతుంది. పాతవాళ్లు లోపల బల్బు వెలిగించేవారు. అందంగానూ ఉంటుంది, చర్మమూ పొడిగా ఉంటుంది.

పాటగాడికి వస్తే, మీ జాబితాలో ఆ వెండిరంగు జల్లెడ మైకు రాశారు కదా, షూర్ 55 రకం. ‘పాతకాలం’ అనగానే అందరూ అదే తెస్తారు. అది వచ్చింది 1939లో! మీ పాటలన్నీ అయిపోయాక. ఫోటోకి బాగుంటుంది, నాకేం అభ్యంతరం లేదు, కానీ జనంలో తెలిసినవాడొకడు ఉండనే ఉంటాడు. 1930ల మొదట్లో వచ్చిన ఆర్‌సీఏ 44 లాంటి రిబ్బన్ మైకు (లోపల సన్నటి లోహపు రేకు ఉండేది) సరైనది. అది ముందు వెనక రెండువైపులా వింటుంది, పక్కలకి చెవుడు. ఆ చెవుడే మీకు వరం. పాటగాడిని స్టేజీ అంచున కాస్త వాలుగా నిలబెట్టి, మైకు పక్క భాగం ట్రంపెట్ల వైపుకి తిప్పండి. నిజమైన పాత రిబ్బన్ అయితే సౌండ్ డెస్కు మీద ఆ చానెల్‌కి ఫాంటమ్ పవర్ (డెస్కు నుంచి మైకుకి వెళ్లే కరెంటు) ఆపి ఉందని మీరే స్వయంగా చూడండి, వైరింగులో చిన్న తప్పున్నా లోపలి రేకు ఒక్క క్షణంలో పోతుంది. 1920ల పాటలకి మెగాఫోన్ పట్టుకుని పాడించినా తప్పు లేదు, అప్పట్లో అదే పద్ధతి.

ఆ కాలపు పాటగాడు బ్యాండులో ఒక వాద్యం మాత్రమే. రికార్డు మీద ‘గాత్ర పల్లవితో’ అని చిన్న అక్షరాల్లో ఉండేది. మూడు నిమిషాల పాటలో మధ్యన ముప్ఫైరెండు బార్లు (మన తాళం ఆవర్తనాల్లాంటివి) పాడి వెళ్లి కూర్చోవాలి. అల్ బౌలీ అంతటివాడు కూడా చాలా రికార్డుల్లో అంతే పాడాడు. (అన్నట్టు, లండన్‌లో పేరు రాకముందు, 1926 ప్రాంతంలో అతను కలకత్తా గ్రాండ్ హోటల్ బ్యాండులో పనిచేశాడు.) మీ పాటగాడు పాట మొదటి నుంచి చివరిదాకా మైకు వదలనంటే ముందే మాట్లాడుకోండి. ఆ ముప్ఫైరెండు బార్లలో సాక్సులు గుసగుసలాడాలి, ట్రంపెట్లు టోపీల్లోకి వెళ్లాలి. ఇక్కడే హార్మోనిస్టుని గుర్తు చేసుకోమంటున్నాను.

వాయించే తీరులో నాకు బాగా విసుగు పుట్టించేది ఒకటుంది. జాజ్ కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్లు 1927 పాటలో కూడా 1955 లాగా సోలో తీస్తారు. ఆ పాటల్లో సోలో అంటే ఎనిమిది బార్లు, మహా అయితే పదహారు. చిన్న స్వరాలు అంత సాగవు, నిటారుగా, గెంతుతున్నట్టుంటాయి. లయ నాలుగు దెబ్బల మీద కాకుండా రెండు దెబ్బల మీద నడుస్తుంది. సాక్సఫోన్లో కంపనం వేగంగా, కాస్త ఎక్కువగానే ఉండాలి, ఇవాళ్టి చెవికి అతిగా అనిపించినా సరే. దీనికి పుస్తకం లేదు. పాత 78 రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) డిజిటల్ కాపీలు రోజూ వినడం, వాటితో కలిసి వాయించడం, అంతే.

శ్రుతి విషయంలో నేను దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నాను. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆన్‌లైన్లో ఒక పాత ఆల్టో సాక్సఫోన్ చవగ్గా కొన్నాను. వెండి పూత, చెక్కిన పువ్వులు, మురిసిపోయాను. రిహార్సల్లో ఊదితే అందరికన్నా దాదాపు అర్ధస్వరంలో సగం పైన ఉంది. మౌత్‌పీస్ ఎంత బయటికి లాగినా ఒక స్వరం కుదిరితే ఇంకోటి చెడుతుంది, ఎందుకంటే రంధ్రాల మధ్య దూరాలే వేరు. అది హై పిచ్ సాక్సు. బ్రిటన్‌లో ఒకప్పుడు ‘A’ అనే స్వరం సెకనుకి 452 కంపనాల దగ్గర ఉండే ఎత్తు శ్రుతి నడిచింది, బ్రాస్ బ్యాండులైతే 1960ల దాకా దాన్నే పట్టుకుని ఉన్నాయి. 440 అనేది అంతర్జాతీయంగా కుదిరింది 1939లో, లండన్ సమావేశంలో. సాక్సు వెనక సీరియల్ నంబరు దగ్గర ‘ఎల్’ లేదా ‘లో పిచ్’ అని గుర్తు ఉంటే కొనండి. ‘హెచ్’ ఉంటే గోడకి తగిలించుకోవడానికే. నాది ఇప్పుడు మా ఇంటి హాల్లో గోడ మీదే ఉంది.

మంచి వాద్యమే అయినా చలి వదలదు. గాలి ఒక డిగ్రీ చల్లబడితే ఊదే వాద్యం దాదాపు మూడు సెంట్లు దిగుతుంది, అర్ధస్వరానికి వంద సెంట్లు. ఆ పాత హాళ్లు మధ్యాహ్నం పన్నెండు పదమూడు డిగ్రీలుంటాయి, రాత్రి జనం నిండాక ఇరవై దాటుతాయి. అంటే సాయంత్రం రిహార్సల్లో పియానో కన్నా కిందున్న మీ క్లారినెట్టు రాత్రికి పైకెక్కుతుంది. క్లారినెట్టు స్టాండు మీద వదిలేయకుండా వాయించనప్పుడు చంకలో పెట్టుకోమనండి.

భవనం నియమాలు హాలువాళ్లే ఇస్తారు, అన్నీ చదవండి. మేకు, స్క్రూ, గోడకి టేపు, కాగితం ముక్కలు, పొగ యంత్రం, అసలు అడగకండి. డబుల్ బేస్ ముల్లు కింద చెక్క ముక్క వేయండి. జనం లేచి డాన్సు చేస్తారని మీరు ఆశపడుతున్నారు కదా, దానికి మాత్రం ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మూడొందల మంది నిశ్చలంగా కూర్చునే బరువు వేరు, ఒకే లయలో గెంతే బరువు వేరు. బాల్కనీలో అయితే ససేమిరా వద్దంటారు, వాళ్లదే న్యాయం. కింద అనుమతి వస్తే, డాన్సు చేసేవాళ్లలో పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు కొందరుంటారు. స్లో ఫాక్స్‌ట్రాట్ డాన్సుకి నిమిషానికి 28–30 బార్లు, క్విక్‌స్టెప్‌కి 50 చిల్లర. రికార్డులు కొన్ని మూడు నిమిషాల్లో ఇరికించడానికి పరుగెత్తించినవి, ఆ వేగం పట్టుకుంటే వాళ్ల కాళ్లు విరుగుతాయి.

హక్కుల సంగతి రెండు మాటల్లో. వేదిక మీద వాయించడానికి లైసెన్సు సాధారణంగా హాలుకే ఉంటుంది, మీరు పాటల జాబితా ఇస్తే చాలు. రాసినవాళ్లలో చివరివాడు పోయి డెబ్భై ఏళ్లు కాని పాటని మీరు కొత్తగా అరేంజ్ చేస్తే ప్రచురణకర్తని అడగాలి. పాత అచ్చు కాగితాలు దొరికితే స్కాన్ చేసి కాపీల మీద వాయించండి, అసలు కాగితం స్టాండు మీద అప్పడంలా విరుగుతుంది.

ఇక ఆ పన్నెండు మైకుల అద్దె మిగులుతుంది కదా. దాంతో పియానో ట్యూనర్‌ని రెండుసార్లు పిలవండి. ఒకసారి మధ్యాహ్నం, ఇంకోసారి హీటర్లు వేసి హాలు కాస్త వేడెక్కాక, తలుపులు తెరవడానికి గంట ముందు. రెండోసారి ఆయన వచ్చినప్పుడు మీ ట్రంపెట్లని బయటికి పంపేయండి, లేకపోతే ఆయనకి ఒక్క తీగా వినబడదు.